టైమ్‌షిఫ్ట్ పెట్టాక ఎస్‌ఎస్‌డీ నిండిపోతోంది, ఇంతకీ ఫోటోలు భద్రమేనా?

కొబ్బరితోట (ప్రశ్న)

ఇంట్లో అందరూ వాడే డెస్క్‌టాప్ ఇది. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ప్రాసెసర్ పాతది కాబట్టి విండోస్ 11 ఎక్కదు. అందుకని లినక్స్ మింట్ 22 సినమన్ వేశాం. వివరాలు ఇవీ:

240 జీబీ ఎస్‌ఎస్‌డీలో 512 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్ (బూట్ ఫైళ్లుండేది), మిగతాదంతా ఒకే ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్) పార్టిషన్. హోమ్ (యూజర్ల సొంత ఫైళ్లుండే ఫోల్డర్) కూడా అందులోనే, సుమారు 40 జీబీ. రెండోది 1 టీబీ హార్డ్‌డిస్క్, విండోస్ కాలం నాటి ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్. ఫోటోలు, వీడియోలు, స్కాన్ చేసిన పట్టాదారు కాగితాలు అన్నీ కలిపి 430 జీబీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. ఒక పాత విండోస్ ప్రోగ్రామ్ కోసం వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో ఊహా యంత్రాన్ని నడిపే ప్రోగ్రామ్) వాడుతున్నాం. దాని డిస్క్ ఫైలు 16 జీబీ. అన్ని లాగిన్లకీ అందాలని ఆప్ట్ ఫోల్డర్‌లో పెట్టాను.

సిస్టమ్ స్థితిని స్నాప్‌షాట్లుగా దాచి అవసరమైతే వెనక్కి తిప్పే టైమ్‌షిఫ్ట్‌లో ఆర్‌సింక్ (ఫైళ్లను కాపీ చేసే పద్ధతి) ఎంచుకుని, లొకేషన్ ఎస్‌ఎస్‌డీయే ఇచ్చి, డైలీ 5, వీక్లీ 3, బూట్ 5 టిక్ పెట్టాను. ఇప్పుడు ఎస్‌ఎస్‌డీలో 6 జీబీ మాత్రమే ఖాళీ. 11 స్నాప్‌షాట్లు ఉన్నాయి. ఫోల్డర్ ప్రాపర్టీస్ చూస్తే ఒక్కొక్కటి 38 జీబీ అంటోంది. 11ని 38తో గుణిస్తే డిస్క్ కంటే ఎక్కువ వస్తుంది కదా, ఈ లెక్కేమిటి? హార్డ్‌డిస్క్‌లో పెడదామంటే లొకేషన్ జాబితాలో దాన్ని ఎంచుకోనివ్వడం లేదు. ఫోటోలు ఈ స్నాప్‌షాట్లలోకి వస్తున్నాయా? రేపు ఎస్‌ఎస్‌డీ పోతే ఏం చెయ్యాలి?

ఓరుగల్లు_పెంగ్విన్

ముందు లెక్క సంగతి. ఆర్‌సింక్ పద్ధతిలో మొదటి స్నాప్‌షాట్ పూర్తి కాపీ. రెండోదాని నుంచి, మారని ఫైళ్లను మళ్లీ రాయదు, పాత స్నాప్‌షాట్‌లోని ఫైలుకే హార్డ్‌లింక్ పెడుతుంది. అంటే డిస్క్ మీద ఒకే డేటా, దానికి 11 ఫోల్డర్లలో 11 పేర్లు. ఒక్కో ఫోల్డర్ విడిగా చూస్తే ప్రతిదీ 38 జీబీ అనే కనిపిస్తుంది. నిజంగా ఎంత తింటోందో తెలియాలంటే స్నాప్‌షాట్ల ఫోల్డర్ మొత్తానికి కలిపి ఒకేసారి డీయూ కమాండ్ ఇవ్వాలి. అప్పుడది హార్డ్‌లింక్‌ను ఒక్కసారే లెక్కపెడుతుంది.

అయినా మామూలు మింట్‌లో 11 స్నాప్‌షాట్లు ఇంత చోటు తినకూడదు. దోషి మీ వర్చువల్‌బాక్స్ ఫైలు. ఆర్‌సింక్ ఇక్కడ ఫైలును ముక్కలుగా చూడదు. 16 జీబీ ఫైల్లో ఒక్క అక్షరం మారినా అది కొత్త ఫైలే, మొత్తం 16 జీబీ మళ్లీ రాస్తుంది. రెండు స్నాప్‌షాట్ల మధ్య ఒకసారి ఆ మెషీన్ ఆన్ చేస్తే చాలు. నడుస్తున్న సిస్టమ్ 38, హోమ్ 40, మొదటి స్నాప్‌షాట్ 38. ఆ తర్వాత అయిదుసార్లు ఆ ఫైలు మారిందనుకుంటే ఇంకో 80. దానికి తోడు ఈఎక్స్‌టీ4 రూట్ (అడ్మిన్ యూజర్) కోసం మామూలుగా 5 శాతం పక్కన పెట్టుకుంటుంది. 240 జీబీ అని అమ్మిన డిస్క్ సిస్టమ్ లెక్కలో 223 మాత్రమే. నిండక ఏం చేస్తుంది?

కాబట్టి సెట్టింగ్స్‌లో ఫిల్టర్స్ ట్యాబ్‌కి వెళ్లి ఆ వర్చువల్‌బాక్స్ ఫోల్డర్‌ను ఎక్స్‌క్లూడ్ చెయ్యండి. పైగా మెషీన్ ఆన్‌లో ఉండగా ఆర్‌సింక్ తీసిన డిస్క్ ఫైలు సగం పాత, సగం కొత్త డేటాతో ఉంటుంది, దాన్ని వెనక్కి తెచ్చినా బూట్ అవుతుందన్న నమ్మకం లేదు. మెషీన్ ఆఫ్ చేసి, వర్చువల్‌బాక్స్ ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ అప్లయన్స్‌తో ఓవీఏ ఫైలు తీసి బయటి డిస్క్‌లో దాచుకోవడమే సరైన పని. ఇంట్లో మైసీక్వెల్ లాంటి డేటాబేస్ నడిపేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. దాని ఫైళ్లు వార్ ఫోల్డర్‌లో ఉంటాయి, సిస్టమ్‌తో పాటే వెనక్కి పోతాయి. రిస్టోర్‌కి ముందు డంప్ (డేటా మొత్తాన్ని రాసిన ఫైలు) తీసుకోండి.

షెడ్యూల్ కూడా ఎక్కువైంది. బూట్ టిక్ తీసేయండి. రోజుకి రెండుమూడుసార్లు కరెంటు పోయి మళ్లీ ఆన్ చేసే ఇళ్లలో అయిదు బూట్ స్నాప్‌షాట్లూ రెండు రోజుల్లోనే తిరిగిపోతాయి, ఉపయోగం సున్నా. డైలీ 3, వీక్లీ 2 చాలు. పెద్ద అప్‌డేట్‌కి ముందు చేత్తో ఒకటి తీసుకోండి. ఒకటి మరవకండి: క్రియేట్ బటన్‌తో చేత్తో తీసినవాటిని టైమ్‌షిఫ్ట్ తనంతట తాను ఎప్పటికీ చెరపదు. ట్యాగ్ కాలమ్‌లో ఓ అని ఉంటుంది. అవసరం తీరాక మీరే తీసెయ్యాలి.

ఇక హార్డ్‌డిస్క్. ఫైలు ఓనర్, పర్మిషన్లు, హార్డ్‌లింకులు లినక్స్ తరహాలో నిలవాలి కాబట్టి టైమ్‌షిఫ్ట్ లినక్స్ ఫైల్‌సిస్టమ్ మాత్రమే ఒప్పుకుంటుంది. హార్డ్‌డిస్క్‌లో 430 పోను ఇంకా బోలెడు ఖాళీ ఉంది. జీపార్టెడ్‌లో (పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్) ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్‌ను కుడి అంచు నుంచి 150 జీబీ కుదించి, అక్కడ ఈఎక్స్‌టీ4 పార్టిషన్ చేసి, గుర్తుపట్టేలా ఒక లేబుల్ ఇవ్వండి. ఎడమ అంచు కదపకండి. అది కదిలిస్తే 430 జీబీ మొత్తం జరపాల్సి వస్తుంది. గంటల పని అది, మధ్యలో కరెంటు పోతే ఇక ఆశ వదులుకోవాల్సిందే. అసలు ఆ ఫోటోలకి రెండో కాపీ లేదన్నారు కాబట్టి, బయటి డిస్క్‌లోకి కాపీ అయ్యేదాకా జీపార్టెడ్ తెరవనే వద్దు.

జీపార్టెడ్ ఆ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను కుదించనంటే, విండోస్ దాన్ని సరిగ్గా మూయలేదని అర్థం. ఫాస్ట్ స్టార్టప్ వల్ల తరచూ ఇలా అవుతుంది. మందు విండోస్‌లోని డిస్క్ తనిఖీ పనిముట్టు చెక్‌డిస్క్, అది నడపడానికి ఏదో ఒక విండోస్ యంత్రం కావాలి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అనే లినక్స్ పనిముట్టు పేరుకే ఫిక్స్. చిన్నాచితకా సరిచేసి గుర్తు చెరుపుతుంది తప్ప డిస్క్‌ను పూర్తిగా తనిఖీ చెయ్యదు.

పార్టిషన్ తయారయ్యాక ఈ వరుసలో చెయ్యండి. లొకేషన్ ఇంకా ఎస్‌ఎస్‌డీలోనే ఉండగా చివరి ఒక్కటి వదిలి మిగతా స్నాప్‌షాట్లను టైమ్‌షిఫ్ట్ విండోలోనే డిలీట్ చెయ్యండి. తర్వాత లొకేషన్ మార్చి కొత్త పార్టిషన్ మీద ఒకటి తీయండి. అది పూర్తయ్యాక లొకేషన్ మళ్లీ ఎస్‌ఎస్‌డీకి తిప్పి ఆ మిగిలినది చెరిపి, తిరిగి కొత్తదానికి రండి. లొకేషన్ మార్చినంత మాత్రాన పాతవి అటు జరగవు, పోవు కూడా. జాబితాలో కనపడకుండా ఎస్‌ఎస్‌డీలో చోటు తింటూ అలాగే పడుంటాయి.

కృష్ణలంక

ఫోటోల ప్రశ్నకి సూటి జవాబు: రావడం లేదు. ఎన్ని స్నాప్‌షాట్లు తీసినా రావు.

టైమ్‌షిఫ్ట్ మామూలు సెట్టింగ్‌లో హోమ్‌ను వదిలేస్తుంది. విడిగా మౌంట్ అయ్యే డిస్కులుండే మీడియా, ఎంఎన్‌టీ ఫోల్డర్లను కూడా వదిలేస్తుంది. మీ ఫోటోలు ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌లో ఉన్నాయి, హోమ్‌లో ఉన్న పిక్చర్స్ ఫోల్డర్ దానికి సింబాలిక్ లింక్ (వేరే చోటికి దారి చూపే గుర్తు) అయితే, హోమ్‌ను చేర్చినా ఆ లింక్ ఒక్కటే స్నాప్‌షాట్‌లోకి వెళ్తుంది, ఫోటో ఒక్కటీ వెళ్లదు.

అలాగని యూజర్స్ ట్యాబ్‌లో ఇన్‌క్లూడ్ ఆల్ ఫైల్స్ నొక్కకండి. చాలామంది అక్కడే బోల్తా పడతారు. డ్రైవర్ పాడై వారం నాటి స్నాప్‌షాట్‌కి వెళ్తే, హోమ్ కూడా వారం వెనక్కి పోతుంది. ఆ వారంలో రాసిన పత్రాలు, దింపుకున్న ఫైళ్లు అన్నీ పోతాయి. సిస్టమ్ వెనక్కి వెళ్లాలి, పత్రాలు మాత్రం ఉన్నచోటే ఉండాలి. అందుకే ఆ రెండింటికీ రెండు వేరు పనిముట్లు.

హోమ్‌లోని పత్రాలకి, సెట్టింగులకి డేజా డూప్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్ వాడండి. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరుకుతుంది. మొదటిసారి పూర్తిగా, తర్వాత మారినవి మాత్రం తీస్తుంది. పాస్‌వర్డ్ పెడితే కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, అది మరిచిపోతే ఆ బ్యాకప్‌ను ఎవరూ తెరవలేరు. మింట్‌తోనే వచ్చే బ్యాకప్ టూల్ కూడా ఉంది. కానీ అది ప్రతిసారీ మొత్తం హోమ్‌ను మొదటి నుంచి ఒకే టార్ ఫైలుగా కడుతుంది, రోజువారీకి పనికిరాదు. దానిలో పనికొచ్చేది సాఫ్ట్‌వేర్ జాబితా దాచే సౌకర్యం, అది ఒకసారి తీసి ఉంచుకోండి.

ఫోటోలకి మాత్రం ఏ మూటా కట్టకండి. జేపెగ్ ఇప్పటికే కుదించిన ఫైలు, మళ్లీ కుదిస్తే తగ్గేదేమీ లేదు. 2 టీబీ యూఎస్‌బీ డిస్క్ కొని జీఆర్‌సింక్‌తో మామూలు ఫైళ్లుగానే కాపీ చెయ్యండి, ఏ కంప్యూటర్‌కి తగిలించినా తెరుచుకుంటాయి. (జీఆర్‌సింక్ అంటే ఆర్‌సింక్‌కి బటన్లు పెట్టిన రూపం, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఉంటుంది.) సోర్స్ దారి చివర స్లాష్ ఉంటే ఫోల్డర్‌లోని ఫైళ్లు మాత్రమే వెళ్తాయి. లేకపోతే ఫోల్డర్‌తో సహా వెళ్తుంది. ఒకసారి అలా, ఒకసారి ఇలా చేస్తే అవతల ఫోటోలు రెండు చోట్ల పోగవుతాయి. బయటి డిస్క్ ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎఫ్‌ఏటీ32 అయితే విండోస్ కంపాటిబిలిటీ టిక్ పెట్టండి. లేదంటే ఫైలు సమయాల్లో సెకను తేడా చూసి మారనివాటిని కూడా మళ్లీ కాపీ చేస్తుంది. డిలీట్ ఆన్ డెస్టినేషన్ టిక్ వద్దు. ఇంట్లో ఎవరైనా పొరపాటున ఒక ఆల్బమ్ చెరిపేస్తే ఆ చెరుపు కూడా నమ్మకంగా కాపీ అవుతుంది. నడిపేముందు సిమ్యులేట్ నొక్కితే ఏమేం జరుగుతుందో చూపిస్తుంది.

కాపీ అవ్వగానే ఆ డిస్క్ తీసి పక్కన పెట్టండి. సీపీయూ డబ్బాలోనే ఉన్న రెండో డిస్క్‌ను బ్యాకప్ అనుకోకూడదు. పవర్ సప్లై కాలితే రెండూ ఒకేసారి పోవచ్చు.

బీటీఆర్_అభిమాని

చిన్న సవరణ. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హార్డ్‌లింకులు ఉన్నాయండి. లేనివి ఎఫ్‌ఏటీ32, ఎక్స్‌ఫ్యాట్‌లలో. ఎన్‌టీఎఫ్‌ఎస్‌తో ఇబ్బంది లినక్స్ ఓనర్, పర్మిషన్ల దగ్గర.

ఇక బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో లినక్స్ ఫైల్‌సిస్టమ్ సంగతి ఎవరూ ఎత్తలేదు. రూట్ పార్టిషన్ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అయితే స్నాప్‌షాట్ క్షణంలో అయిపోతుంది, ఫైళ్లన్నీ ఒకే క్షణం నాటివి. పెద్ద ఫైల్లో మారిన ముక్కకే చోటు పడుతుంది, మీ 16 జీబీ గొడవ ఉండదు. కానీ టైమ్‌షిఫ్ట్‌కి ఉబుంటు తరహా సబ్‌వాల్యూమ్ (బీటీఆర్‌ఎఫ్‌ఎస్ లోపలి విభాగం) పేర్లే ఉండాలి. స్నాప్‌షాట్లు అదే డిస్క్‌లో ఉంటాయి, డిస్క్ పోతే అవీ పోతాయి. బూట్ ఫోల్డర్‌ను వేరే ఈఎక్స్‌టీ4 పార్టిషన్‌గా పెట్టుకున్నవాళ్లకి ఇంకో చిక్కు: సిస్టమ్ వెనక్కి వెళ్తుంది, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మాత్రం కొత్తదే మిగులుతుంది. దానికి సరిపడే మాడ్యూళ్లు (డ్రైవర్లు) లేక వైఫై, గ్రాఫిక్స్ పనిచెయ్యవు. కేవలం దీనికోసం మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యక్కర్లేదు, మీకు ఆర్‌సింక్ బాగానే సరిపోతుంది.

కొబ్బరితోట

అందరికీ ధన్యవాదాలు. ఫోటోలు బయటి డిస్క్‌లోకి వెళ్లాయి, 150 జీబీ పార్టిషన్ చేశాను, వర్చువల్‌బాక్స్‌ను ఫిల్టర్‌లో పెట్టాను. కొత్త స్నాప్‌షాట్ 22 జీబీ. ఇప్పుడు 500 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని దాని మీదకి దీన్నే రిస్టోర్ చేసి చూద్దామనుకుంటున్నాను, పాతది పక్కన ఉంటుంది కాబట్టి భయం లేదు. వరుస చెబుతారా? హోమ్ ఖాళీగా వస్తే లాగిన్ అవుతుందా?

ఓరుగల్లు_పెంగ్విన్

పాత ఎస్‌ఎస్‌డీ కేబుల్ పీకేసి మొదలుపెట్టండి. రెండు ఈఎఫ్‌ఐ పార్టిషన్లు ఉంటే గ్రబ్ (సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్) ఎక్కడ కూర్చుందో తెలియక తల తిరుగుతుంది.

మింట్ 22 ఐఎస్‌ఓతో చేసిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వండి. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తే యూఈఎఫ్‌ఐ అని ఉన్నదే ఎంచుకోండి. లెగసీలో (పాత బయోస్ పద్ధతి) లేస్తే రిస్టోర్ అంతా సాఫీగా సాగి చివర గ్రబ్ దగ్గర చతికిలబడుతుంది. సరిగ్గా లేచిందో లేదో చూడాలంటే, సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్ లోపల ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్ ఉందేమో చూడండి.

జీపార్టెడ్‌లో కొత్త ఎస్‌ఎస్‌డీకి జీపీటీ పట్టిక, 512 ఎంబీ ఎఫ్‌ఏటీ32 (బూట్, ఈఎస్‌పీ ఫ్లాగులు పెట్టి), మిగతాది ఈఎక్స్‌టీ4. ఆ తర్వాత మెనూలో టైమ్‌షిఫ్ట్ తెరిచి ఆర్‌సింక్ ఎంచుకుని, లొకేషన్‌గా హార్డ్‌డిస్క్‌లోని స్నాప్‌షాట్ పార్టిషన్ చూపించండి. స్నాప్‌షాట్ ఎంచుకుని రిస్టోర్ నొక్కితే ఏ ఫోల్డర్ ఏ పార్టిషన్‌కి అని అడుగుతుంది. రూట్‌కి కొత్త ఈఎక్స్‌టీ4, బూట్ ఈఎఫ్‌ఐకి కొత్త ఎఫ్‌ఏటీ32, హోమ్‌కి కీప్ ఆన్ రూట్ డివైస్. ఇక్కడ పొరపాటున స్నాప్‌షాట్ పార్టిషన్‌నో ఫోటోల డిస్క్‌నో చూపిస్తే దాన్నే తిరగరాస్తుంది. సైజు, పేరు రెండూ సరిచూసుకోండి. గ్రబ్‌ను కొత్త ఎస్‌ఎస్‌డీ మీదకే పంపండి, పార్టిషన్ కాదు, మొత్తం డిస్క్. తర్వాత ముందు ఉత్తుత్తి పోలిక నడిపి ఏ ఫైళ్లు వస్తాయో జాబితా చూపిస్తుంది, అప్పుడే అసలు పని.

మధ్యలో కరెంటు పోతే కంగారు పడకండి. స్నాప్‌షాట్‌లోంచి చదవడమే తప్ప దానిలో రాయదు. మళ్లీ పెన్‌డ్రైవ్‌తో లేచి అదే రిస్టోర్ తిరిగి నడపండి.

పూర్తయ్యాక వెంటనే రీబూట్ చెయ్యకండి. మీ హోమ్ ఖాళీగా ఉంటుంది. ఖాళీ హోమ్‌తో మొదటి లాగిన్ చేస్తే కొత్త సెట్టింగ్ ఫైళ్లు పుట్టి తర్వాత పాతవాటితో కలగాపులగం అవుతాయి. పాత ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, రూట్ హక్కులతో, పర్మిషన్లు నిలిచేలా ఆర్‌సింక్‌ను ఆర్కైవ్ ఆప్షన్‌తో ఇచ్చి పాత హోమ్‌ను కొత్తదానిలోకి కాపీ చెయ్యండి. వర్చువల్‌బాక్స్ ఫోల్డర్ కూడా ఇప్పుడే. లాగిన్ తెరలో పాస్‌వర్డ్ కొట్టగానే మళ్లీ లాగిన్ తెరే వస్తుంటే హోమ్ ఓనర్ రూట్ అయిపోయిందని అనుమానించండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెర్మినల్‌లోకి వెళ్లి ఓనర్ మార్చాలి. ఇంట్లో మొదట సృష్టించిన యూజర్ నంబరు మామూలుగా 1000.

బూట్ అసలు కాకపోతే లైవ్ పెన్‌డ్రైవ్‌లోనే బూట్ రిపేర్ అనే ప్రోగ్రామ్ ఉంటుంది, దాని సిఫార్సు చేసిన రిపేర్ చాలు. బూట్ మధ్యలో నిమిషంన్నర ఆగి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పడితే గ్రబ్‌ను అనకండి. రూట్, ఈఎఫ్‌ఐల కొత్త యూయూఐడీలను (పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలు) టైమ్‌షిఫ్ట్ ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ సమయంలో తగిలించాల్సిన డిస్కుల జాబితా ఫైలు) తనే సరిదిద్దుతుంది. కానీ ఇప్పుడు తగిలించి లేని వేరే డిస్క్ వరుస అక్కడ ఉంటే సిస్టమ్ దానికోసం ఎదురుచూస్తుంది. ఆ వరుసలో నోఫెయిల్ (డిస్క్ లేకపోయినా ఆగొద్దని చెప్పే మాట) చేర్చండి.

స్వాప్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడే ఫైలు) స్నాప్‌షాట్‌లో రాదు, ఎఫ్‌స్టాబ్‌లో దాని వరుస మాత్రం వస్తుంది. సిస్టమ్ లేస్తుంది గానీ స్వాప్ సున్నా ఉంటుంది. 2 జీబీ ఫైలు అదే పేరుతో సృష్టించి, పర్మిషన్ 600 చేసి, మేక్‌స్వాప్, స్వాప్‌ఆన్ ఇవ్వండి.

కృష్ణలంక

రిస్టోర్ తర్వాత వచ్చే రెండు విషయాలు పైన రాలేదు.

ఫైర్‌ఫాక్స్ తెరవగానే ఇది పాత వెర్షన్, కొత్త ప్రొఫైల్ చేసుకోండి అంటే ఒప్పుకోకండి. ప్రోగ్రామ్ స్నాప్‌షాట్ నాటిది, హోమ్‌లోని ప్రొఫైల్ ఈనాటిది కావడమే కారణం. మూసేసి అప్‌డేట్ మేనేజర్‌తో ఫైర్‌ఫాక్స్‌ను తాజా చేస్తే పాస్‌వర్డ్లు, బుక్‌మార్కులు ఉన్నవి ఉన్నట్టే తెరుచుకుంటాయి.

తెలుగు టైపింగ్ సెట్టింగులు, మండలి, రామభద్ర లాంటి ఫాంట్లను డబుల్ క్లిక్‌తో వేసుకుని ఉంటే అవి హోమ్‌లోని దాచిన ఫోల్డర్లలో ఉంటాయి, స్నాప్‌షాట్‌లో కాదు. డేజా డూప్‌లో హోమ్ మొత్తం ఇస్తే దాచినవీ వస్తాయి. డాక్యుమెంట్స్ ఒక్కటే ఇచ్చి ఉంటే రావు, జాబితా ఒకసారి తెరిచి చూసుకోండి.